ముందు ఫోర్క్ విప్పడం, కట్టడం, మన దారులకు తగ్గట్టు సెట్ చేసుకోవడం

బెంగళూరులో బండి తోలే తెలుగువాళ్లకి ఒక్క ఆదివారంలోనే నాలుగు రకాల నేల ఎదురవుతుంది. మారతహళ్లి, బెల్లందూరు వైపు రింగ్ రోడ్డు గుంతలు. హెబ్బాళ దాటాక నున్నటి హైవే. చిక్కబళ్లాపుర దగ్గర పక్కకు తిరిగితే ఎర్రమట్టి దారులు, గ్రానైట్ బండలు. ఇంకా ఉత్తరానికి పోతే ఎండిన చిత్రావతి ఇసుక. బాగేపల్లి చేరేసరికి చుట్టూ తెలుగే వినిపిస్తుంటుంది, కానీ అప్పటికి చాలామందికి మణికట్లు లాగేస్తుంటాయి.

ముందు భాగం గట్టిగా కొడుతోందనో, బ్రేక్ వేస్తే మునిగిపోతోందనో గ్యారేజీకి వెళితే ఎక్కువ చోట్ల ఒకటే వైద్యం చేస్తారు, ఇంకాస్త చిక్కటి ఆయిల్ పోస్తారు. చాలా సందర్భాల్లో అది రోగానికి సంబంధం లేని మందు. స్ప్రింగ్ మెత్తగా ఉన్న సంగతిని చిక్కటి ఆయిల్ కొన్నాళ్లు కప్పిపెడుతుంది. బదులుగా చిన్న చిన్న రాళ్ల దెబ్బ మొత్తం చేతుల్లోకి పంపుతుంది. నేను గట్టిగా నమ్మే వరుస ఇది: మొదట లోపలి రాపిడి పోగొట్టాలి, తర్వాత స్ప్రింగ్ చూసుకోవాలి, ఆ తర్వాత ఆయిల్ మట్టం, అన్నిటికంటే చివర ఆయిల్ చిక్కదనం. కింద చెప్పేదంతా ఈ వరుసలోనే ఉంటుంది.

ఫోర్క్ అంటే ముందు చక్రాన్ని పట్టుకుని, గుంతల దెబ్బని మింగే రెండు కాళ్లు. ఇక్కడ రాసింది మామూలు డ్యాంపర్ రాడ్ ఫోర్క్ ఉన్న బండ్ల కోసం. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411కి 41 మి.మీ. పైపులు, 200 మి.మీ. ట్రావెల్ (ఫోర్క్ మొత్తం కుంగగల దూరం) ఉంటాయి. హీరో ఎక్స్‌పల్స్ 200కి 37 మి.మీ. పైపులు, 190 మి.మీ. ట్రావెల్. హిమాలయన్ 450, కేటీఎం 390 అడ్వెంచర్ లాంటి బండ్లలో ఫోర్క్ తలకిందులుగా ఉంటుంది, లోపలి అమరిక కూడా వేరు. వాటిని విప్పే పద్ధతి ఇది కాదు. స్యాగ్ కొలవడం, దారి మీద పరీక్షించడం మాత్రం వాటికీ ఇలాగే ఉంటుంది.

లోపల ఏం జరుగుతుంది

పైన మెరిసే ఫోర్క్ పైపు కింద ఉన్న అల్యూమినియం బాటమ్‌లోకి జారుతూ ఉంటుంది. పైపు లోపల పొడవాటి స్ప్రింగ్, దాని కింద డ్యాంపర్ రాడ్, చుట్టూ ఆయిల్, పైన కొంత గాలి. డ్యాంపర్ రాడ్‌కి కింది భాగంలో కొన్ని రంధ్రాలుంటాయి, చక్రం పైకి లేచినప్పుడు ఆయిల్ వాటిలోంచి దూరుతుంది. పైభాగంలో ఉన్న చిన్న రంధ్రాలు ఫోర్క్ తిరిగి సాగేటప్పటి వేగాన్ని అదుపు చేస్తాయి.

ఇబ్బంది ఈ రంధ్రాల స్వభావంలోనే ఉంది. ఆయిల్ వేగం రెట్టింపైతే అడ్డగింత దాదాపు నాలుగు రెట్లవుతుంది. సిరంజిని మెల్లగా నొక్కితే మందు తేలిగ్గా వస్తుంది, ఒక్కసారిగా నొక్కితే బొటనవేలు ఆగిపోతుంది, ఇదీ అంతే. బ్రేక్ వేసినప్పుడు ఫోర్క్ నెమ్మదిగా కదులుతుంది కాబట్టి రంధ్రాలు దాన్ని ఆపలేవు, బండి ముక్కు మీద మునుగుతుంది. అదే 50 కి.మీ. వేగంలో రాయి అంచు తగిలితే ఫోర్క్ కదలక ముందే బిగుసుకుంటుంది. చిక్కటి ఆయిల్ పోస్తే మునగడం కొద్దిగా తగ్గుతుంది కానీ రాయి దెబ్బ బాగా పెరుగుతుంది. అందుకే మునగడాన్ని స్ప్రింగ్‌తో, ఆయిల్ మట్టంతో సరిచేసుకోవాలి.

విప్పకముందే కొలవండి

స్పానర్ పట్టుకునే ముందు ఒక నోటు పుస్తకం, టేపు, ఇద్దరు మనుషులు కావాలి. స్యాగ్ అంటే మీరు కూర్చున్నప్పుడు ఫోర్క్ ఎంత దిగిందన్న లెక్క. రబ్బరు ముడుతల కవర్లు ఉంటే వాటి కింది క్లిప్పు విప్పి పైకి జరపండి. ముందు చక్రం నేలను తాకకుండా బండిని ఎత్తి, డస్ట్ సీల్ (బాటమ్ పై కొసన దుమ్ముని ఆపే రబ్బరు రింగు) పై అంచు నుంచి కింది టీ అడుగు వరకు పైపు ఎంత కనిపిస్తోందో కొలవండి. టీ అంటే రెండు ఫోర్క్ పైపులనూ పట్టుకుని ఉండే అడ్డ క్లాంపు, పైన ఒకటి, కింద ఒకటి ఉంటాయి.

ఇప్పుడు హెల్మెట్, జాకెట్, బూట్లు, మామూలుగా మోసే సామానుతో సహా బండి మీద కూర్చోండి. ఒకరు బండిని నిటారుగా పట్టుకోవాలి, ఇంకొకరు కొలవాలి. ముందు భాగాన్ని కిందికి నొక్కి మెల్లగా పైకి రానివ్వండి, ఆగిన చోట కొలత తీసుకోండి. తర్వాత కొద్దిగా పైకెత్తి మెల్లగా దిగనివ్వండి, మళ్లీ కొలవండి. రెండూ ఒకటిగా రావు. గాల్లో 215 మి.మీ., నొక్కి వదిలితే 140, ఎత్తి వదిలితే 158 వచ్చిందనుకుందాం. రెండింటి సగటు 149, స్యాగ్ 66 మి.మీ. ఆ రెండు కొలతల మధ్య తేడా 18 మి.మీ., అది లోపలి రాపిడి లెక్క.

మట్టి దారులకూ రోడ్డుకూ కలిపి వాడే బండికి మొత్తం ట్రావెల్‌లో 25 నుంచి 33 శాతం స్యాగ్ బాగుంటుంది. 200 మి.మీ. ట్రావెల్ ఉంటే 50 నుంచి 66, 190 ఉంటే సుమారు 48 నుంచి 63. రాపిడి 25 మి.మీ. దాటితే మాత్రం స్ప్రింగ్ గురించి ఇంకా ఆలోచించకండి. ముందు బుష్‌లు (పైపు సాఫీగా జారేందుకు లోపల ఉండే సన్నటి ఉంగరాలు), సీళ్లు, వంగిన పైపులు, మెలితిరిగిన టీ చూడాలి. రాపిడి ఎక్కువగా ఉన్న ఫోర్క్‌లో ఏ ఆయిల్ పోసినా దాని గుణం తెలియదు.

అలాగే టీ పైనుంచి ఫోర్క్ పైపు ఎంత బయటికి వచ్చి ఉందో రెండు వైపులా కొలిచి రాసుకోండి, ఫోటో తీసుకోండి. తిరిగి కట్టేటప్పుడు ఇదే ఆధారం.

సామాను

ఆయిల్ సీళ్లు, డస్ట్ సీళ్లు, కింది అలెన్ బోల్టుకి రాగి వాషర్లు, క్యాప్‌లకి ఓ-రింగులు, బండికి బుష్‌లు ఉంటే అవి, కంపెనీ చెప్పిన గ్రేడు ఫోర్క్ ఆయిల్. ఇవన్నీ జేసీ రోడ్డులో దొరుకుతాయి. దుకాణంలో బండి పేరుతో పాటు ఏ సంవత్సరం మోడలో చెప్పండి, పాత సీల్ వెంట ఉంటే ఇంకా మంచిది. సీల్ అంచు మీద లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం అంకెలుగా ఉంటాయి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుని కొనండి. నా మాట అడిగితే, సీళ్ల దగ్గర డబ్బు మిగుల్చుకోవద్దు. చవక సీల్‌కి పెదవి బిగుతుగా ఉండి రాపిడి పెరుగుతుంది, లేదా మొదటి బురద రైడ్‌కే కారుతుంది.

పనిముట్లలో పొడవాటి అలెన్ కీ, టార్క్ రెంచ్, సర్‌క్లిప్ (ఆయిల్ సీల్‌ని కదలకుండా పట్టే తీగ రింగు) లాగడానికి సన్నటి స్క్రూడ్రైవర్, ఇంజిన్ కింద పెట్టడానికి జాకీ, మట్టం కొలవడానికి పెద్ద సిరంజి, దానికి సన్నటి గొట్టం ఉంటే చాలు. సీల్ దిగ్గొట్టడానికి ఫోర్క్ పైపు మీద సరిగ్గా జారే పీవీసీ పైపు ముక్క సరిపోతుంది, దాని అంచు మాత్రం నున్నగా, సమంగా ఉండాలి. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో చేసేవాళ్లు కింద పాత కార్డ్‌బోర్డ్ పరుచుకోండి, ఆయిల్ మరకలతో అసోసియేషన్‌తో గొడవ ఉండదు.

విప్పడం

హిమాలయన్‌కి సెంటర్ స్టాండ్ ఉంది కానీ ముందు చక్రం తీశాక అదొక్కటే చాలదు. ఇంజిన్ కింది ప్లేటుకి చెక్క అడ్డం పెట్టి జాకీ ఎత్తండి, వెనకభాగం కదలకుండా కట్టేయండి. బండి నమ్మకంగా నిలబడిందని తేలేవరకు ఇంకేమీ ముట్టుకోవద్దు.

చక్రం ఇంకా ఉండగానే చేయాల్సిన పని ఒకటుంది. హ్యాండిల్ అడ్డం వస్తే క్లాంపులు విప్పి వెనక్కి వాల్చండి. పై టీ బోల్టులు వదులు చేసి, కింది టీ బోల్టులు బిగుతుగా ఉండగానే ఫోర్క్ క్యాప్‌లను పావు చుట్టు వదులు చేయండి. ఫోర్క్ బయటికి తీశాక ఈ క్యాప్‌లను వదులు చేయడం చాలా కష్టం. యాక్సిల్ అడ్డు రాకపోతే బాటమ్ అడుగునున్న అలెన్ బోల్టుని కూడా ఇప్పుడే కొద్దిగా కదపండి. స్ప్రింగ్ ఇంకా నొక్కుకునే ఉంటుంది కాబట్టి లోపలి రాడ్‌ని గట్టిగా పట్టి ఉంచుతుంది, అందుకని అది బోల్టుతో పాటు తిరగదు.

తర్వాత బ్రేక్ క్యాలిపర్ విప్పి తీగతో ఫ్రేముకి వేలాడదీయండి. బ్రేక్ గొట్టం మీద బరువు పడకూడదు, క్యాలిపర్ బయట ఉన్నంతసేపూ బ్రేక్ లివర్ నొక్కకూడదు. ఏబీఎస్ సెన్సార్ వైరు క్లిప్పులు జాగ్రత్తగా తీయండి. చక్రం, మడ్‌గార్డ్ తీశాక టీ బోల్టులు వదులు చేసి ఫోర్క్‌ని తిప్పుతూ కిందికి లాగండి. బయటికి రాగానే మట్టంతా తుడిచేయండి, ఇసుక రవ్వ కూడా లోపలికి పోకూడదు.

క్యాప్ విప్పేటప్పుడు ఫోర్క్ పూర్తిగా సాగి ఉండాలి. అరచేత్తో క్యాప్‌ని కిందికి నొక్కుతూ తిప్పండి, ముఖం దాని మీదికి పెట్టకండి. కింద స్ప్రింగ్ నొక్కబడి ఉంటుంది, చివరి చుట్టు దగ్గర క్యాప్ ఎగిరిపడుతుంది. స్పేసర్ (స్ప్రింగ్ మీద కూర్చునే గొట్టం ముక్క), వాషర్, స్ప్రింగ్ వచ్చిన వరుసలోనే గుడ్డ మీద పేర్చండి, స్ప్రింగ్‌లో దగ్గర చుట్లు పైకి ఉన్నాయో కిందికి ఉన్నాయో రాసుకోండి.

ఫోర్క్ తలకిందులు చేసి మెల్లగా ఆడిస్తూ ఆయిల్ ఒక గిన్నెలోకి పోయండి. ఆ ఆయిల్ ఏం చెబుతుందో చూడండి. వెండి రంగు పొడి మెరుస్తుంటే లోపల అల్యూమినియమో బుష్‌లో అరుగుతున్నాయి. పాలలా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. నల్లబడి దుర్వాసన వస్తే వయసు మీరింది. పాత ఆయిల్‌ని డ్రైనేజీలో పోయకండి, ఈ ఊళ్లో అది ఏదో ఒక చెరువులోకే చేరుతుంది. గ్యారేజీల్లో వాడేసిన ఆయిల్ డ్రమ్ములుంటాయి, అక్కడ ఇవ్వండి.

ఇప్పుడు అడుగు బోల్టు. రాడ్ దాంతో పాటే తిరుగుతుంటే స్ప్రింగ్, స్పేసర్, క్యాప్ తిరిగి పెట్టి, ఫోర్క్‌ని ఎవరైనా గట్టిగా నొక్కి పట్టుకుంటే చాలాసార్లు వచ్చేస్తుంది. రాకపోతే గ్యారేజీలో ఇంపాక్ట్ గన్‌తో క్షణంలో పని. అలెన్ తల అరిగేదాకా పోరాడకండి.

డస్ట్ సీల్‌ని టేపు చుట్టిన స్క్రూడ్రైవర్‌తో చుట్టూరా కొద్దికొద్దిగా లేపండి, తర్వాత సర్‌క్లిప్ తీయండి. బుష్‌లున్న ఫోర్క్ అయితే పైపుని లోపలికి తోసి ఒక్కసారిగా బయటికి లాగండి, అలా నాలుగైదు సార్లు కొడితే ఆయిల్ సీల్, వాషర్, బుష్ కలిసి వచ్చేస్తాయి. బుష్‌లు లేకపోతే సీల్‌ని పుల్లర్‌తో లేపాలి, సీల్ కూర్చునే గోడకి గీత పడకుండా చూడాలి.

పాడైంది ఏది, పనికొచ్చేది ఏది

ఈ దశలో తొందరపడకండి. రాపిడి ఎక్కడినుంచి వస్తోందో ఇక్కడే దొరుకుతుంది.

పైపుని కిరోసిన్ గుడ్డతో తుడిచి, సీల్ తిరిగే భాగమంతా గోటితో చుట్టూ రాయండి. గోరు తట్టుకున్న ప్రతి చోటా సీల్ పెదవి కూడా తెగుతుంది. రాయి తగిలి లేచిన చిన్న మొన అయితే 1000 నంబరు, తర్వాత 2000 నంబరు గరుకు నీళ్ల కాగితాన్ని ఆయిల్‌లో తడిపి, పైపు చుట్టూ తిరిగేలా రుద్దండి. నిలువుగా రుద్దితే ఆ గీతల వెంబడే ఆయిల్ పైకి వస్తుంది. క్రోమ్ ఊడి తుప్పు గుంటలు పడితే కాగితంతో పోదు. పీణ్యాలో హార్డ్ క్రోమ్ చేసే యూనిట్లున్నాయి, కానీ కొత్త పైపు దొరికే బండికి కొత్తదే మేలు. తిరిగి క్రోమ్ చేశాక కొలత సరిగ్గా గ్రైండింగ్ చేయకపోతే సీల్ బిగుసుకుంటుంది, మొదలుపెట్టిన రాపిడి సమస్య మళ్లీ తిరిగొస్తుంది.

వంపు చూడటానికి పైపుని మందపాటి అద్దం మీద దొర్లించండి. కింద వెలుతురు సన్నగా ఊగుతూ కనిపిస్తే లేత్ షాపుకి తీసుకెళ్లి డయల్ గేజ్‌తో కొలిపించండి. చాలా మాన్యువళ్లు 0.2 మి.మీ. వంపు వరకే ఒప్పుకుంటాయి. వంగిన పైపుని కొట్టి నిటారు చేయించి రాళ్ల దారిలోకి తీసుకెళ్లడాన్ని నేను ఒప్పుకోను. ఒకసారి లొంగిన ఉక్కు రెండోసారి త్వరగా లొంగుతుంది, అప్పుడు మీరు దాని మీదే ఉంటారు.

బుష్ జారే ముఖం మీది బూడిద రంగు పూత పోయి రాగి రంగు కనిపిస్తుంటే, అది మూడొంతులకి పైగా వ్యాపిస్తే మార్చేయాలి. మట్టి దారుల బండికి నేనైతే సగం కనిపించగానే మార్చమంటాను. స్ప్రింగ్ పొడవు రెండు వైపులా కొలవండి. కొత్తదాని పొడవులో 2 శాతానికి మించి తగ్గితే అది కుంగిపోయినట్టే, జంటగా మార్చాలి. డ్యాంపర్ రాడ్ రంధ్రాల్లో చెత్త లేకుండా ఊదండి, దాని తల మీది పిస్టన్ రింగు పగలలేదని చూడండి.

ఫోర్క్ బయట ఉన్నప్పుడే హ్యాండిల్ కోన్ సెట్ కూడా చూడండి. టీని అటూ ఇటూ తిప్పితే నడిమధ్యలో ఎక్కడో తట్టుకుని ఆగినట్టుంటే బేరింగులకి గుంటలు పడ్డాయి. దాన్ని వదిలేసి ఫోర్క్ ఎంత బాగా కట్టినా ఇసుకలో హ్యాండిల్ మీ మాట వినదు.

ఇంకొక్క మాట. సీల్ కారుతోందని మొత్తం విప్పడానికి సిద్ధమైనవాళ్లు ముందు డస్ట్ సీల్ కిందికి జరిపి, పాత ఫోటో ఫిల్ము ముక్కో పలుచటి ప్లాస్టిక్ షీటో ఆయిల్ సీల్ పెదవి కిందికి దూర్చి చుట్టూ తిప్పండి. తరచుగా ఒక ఎర్రమట్టి రవ్వ బయటికొస్తుంది, కారడం ఆగిపోతుంది.

తిరిగి కట్టడం

అన్నీ కడిగి ఆరబెట్టాక డ్యాంపర్ రాడ్‌ని దాని చిన్న స్ప్రింగ్‌తో సహా పైపులోకి దించి, కొసన ఆయిల్ లాక్ ముక్క తొడిగి, బాటమ్‌లోకి పంపండి. అడుగు బోల్టుకి కొత్త రాగి వాషర్, మరలకి థ్రెడ్ లాక్, మాన్యువల్ చెప్పిన టార్క్. పాత వాషర్‌ని తిప్పి వేస్తే ఆయిల్ అక్కడినుంచే చెమ్మగిల్లుతుంది.

సీల్ తొడిగే ముందు పైపు పై అంచుని పలుచటి ప్లాస్టిక్ కవర్‌తో కప్పండి. ఆ అంచు పదునుకి కొత్త సీల్ పెదవి తెగడం చాలా సులువు. పెదవులకి సీల్ గ్రీజు పలుచగా రాయండి. మామూలు చాసిస్ గ్రీజు కొన్ని రబ్బర్లని ఉబ్బిస్తుంది. బుష్, వాషర్, ఆయిల్ సీల్ వరుసగా దించి పీవీసీ పైపుతో నిటారుగా తట్టండి. సర్‌క్లిప్ గాడి పూర్తిగా కనిపించేవరకు దిగాలి. అప్పుడు సర్‌క్లిప్, దాని మీద డస్ట్ సీల్.

ఆయిల్ పోసే పద్ధతి మీద సగం ఫలితం ఆధారపడుతుంది. స్ప్రింగ్ లేకుండా, ఫోర్క్ నిటారుగా పెట్టి, మాన్యువల్‌లో ఉన్న కొలత పోయండి. పైపుని నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించండి. మొదట్లో అక్కడక్కడ తేలిగ్గా జారుతుంది, అది గాలి. ఆ ఖాళీ పోయి మొత్తం పొడవునా ఒకేలా అడ్డం తగిలేవరకు ఆడించి, కాసేపు కదపకుండా వదిలేయండి. బుడగలు పోయాక ఫోర్క్ పూర్తిగా నొక్కి, పైపు పై అంచు నుంచి ఆయిల్ ఉపరితలం దాకా కొలవండి. తేలిక మార్గం ఏమిటంటే కొద్దిగా ఎక్కువ పోసి, సిరంజి గొట్టానికి కావలసిన లోతు దగ్గర టేపు గుర్తు పెట్టి, అంతవరకు దించి మిగతాది పీల్చేయడం. రెండు కాళ్లలోనూ మట్టం 1 మి.మీ. లోపు సమానంగా రావాలి. పోసిన కొలతని నమ్మకండి, మట్టాన్ని నమ్మండి. పాత ఆయిల్ ఒక కాలులో కాస్త ఎక్కువ మిగిలిపోయి ఉండొచ్చు.

స్ప్రింగ్, వాషర్, స్పేసర్ తిరిగి పెట్టి, క్యాప్ బిగించి, బండికి తగిలించాక ఎక్కువమంది దాటేసే పని యాక్సిల్ సర్దుబాటు. యాక్సిల్ నట్ బిగించి, బాటమ్‌లో యాక్సిల్‌ని పట్టుకునే పించ్ బోల్టులు వదులుగానే ఉంచండి. బండిని కిందికి దించి, ముందు బ్రేక్ పట్టుకుని ఫోర్క్‌ని బలంగా అనేకసార్లు ఊపండి. రెండు కాళ్లూ తమంతట తామే సమాంతరంగా సర్దుకుంటాయి. అప్పుడే పించ్ బోల్టులు బిగించండి. ఈ ఒక్క పనితో స్యాగ్ కొలతలోని రాపిడి కొన్ని మిల్లీమీటర్లు తగ్గడం మీరే చూస్తారు. టీ బోల్టులు కూడా ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా, మాన్యువల్ టార్క్‌కే బిగించాలి. అతిగా బిగిస్తే పైపు అక్కడ నొక్కుకుంటుంది. రోడ్డెక్కే ముందు బ్రేక్ లివర్ గట్టిపడేవరకు కొట్టడం మర్చిపోకండి.

స్ప్రింగ్: బరువుకి తగ్గది

మళ్లీ స్యాగ్ కొలవండి. ఎక్కువైతే స్ప్రింగ్ మీద స్పేసర్ పొడవు పెంచాలి. 5 మి.మీ. పెంచితే స్యాగ్ దాదాపు 5 మి.మీ. తగ్గుతుంది. అయితే స్పేసర్ పెంచితే స్ప్రింగ్ గట్టిపడుతుందనుకోవడం పొరపాటు. అది బండి ముందు భాగాన్ని ఎత్తుతుంది, అంతే.

స్ప్రింగ్ మీకు తగినదా కాదా తెలుసుకోవడానికి రెండో కొలత ఉంది. మీరు దిగిపోయాక, బండి తన సొంత బరువుకి ఎంత కుంగిందో చూడండి. మీరు కూర్చున్నప్పటి స్యాగ్ సరిగ్గా ఉండి, ఖాళీ బండి దాదాపు కుంగకుండా పూర్తిగా సాగి నిలబడితే స్ప్రింగ్ మీకు మెత్తన, దాన్ని స్పేసర్‌తో బలవంతంగా నిలబెట్టారు. అలాంటి బండి చిన్న గుంతలో చక్రం కిందికి చాచలేదు, పై స్టాపుకి టక్కుమని కొడుతుంది. దీనికి విరుద్ధంగా, స్పేసర్ తగ్గించినా స్యాగ్ చాలకపోతే స్ప్రింగ్ గట్టిది.

కంపెనీ స్ప్రింగ్ సగటు బరువు చూసి పెడుతుంది. 85 కిలోల మనిషి, ట్యాంకు మీద సంచి, ముందు క్రాష్ గార్డు, అదనపు లైట్లు కలిస్తే అది సరిపోకపోవడంలో ఆశ్చర్యం లేదు. మీ బరువుకి తగ్గ గట్టి స్ప్రింగ్ జత కొనడం సరైన దారి. కొందరు స్ప్రింగ్ కోయిస్తారు. లెక్క నిజమే: పనిచేసే చుట్లు 40 ఉంటే నాలుగు తీసేస్తే గట్టిదనం 40/36 చొప్పున, అంటే 11 శాతం పెరుగుతుంది. తగ్గిన పొడవుని స్పేసర్‌తో పూరించాలి. కోసేటప్పుడు వేడి తగలకూడదు, కోసిన అంచు సమంగా గ్రైండ్ చేయాలి. మిగిలిన స్ప్రింగ్ మొత్తం ట్రావెల్, దానికి తోడు ముందే నొక్కిన పొడవు కుదించుకున్నా చుట్టుకి చుట్టు తగలకూడదు. ఆ లెక్క వేయలేకపోతే కోయించకండి.

ఆయిల్ మట్టం: చివరి మూడో వంతు

ఫోర్క్ నొక్కుకుంటున్నకొద్దీ పైన ఉన్న గాలి ఒత్తుకుని మరో స్ప్రింగ్‌లా పనిచేస్తుంది. స్థూలంగా లెక్క కడదాం. ట్రావెల్ 200, గాలి ఖాళీ 140 మి.మీ. ఉంటే, సాగినప్పుడు గాలి పొడవు 340. పూర్తిగా నొక్కితే 340 కాస్తా 140కి వస్తుంది, ఒత్తిడి 2.4 రెట్లు. ఖాళీని 120కి తగ్గిస్తే 320 కాస్తా 120కి, అంటే 2.7 రెట్లు. సగం ట్రావెల్ దగ్గర మాత్రం 1.42 రెట్ల నుంచి 1.45కే మారుతుంది. అంటే ఆయిల్ మట్టం పెంచితే మొదటి సగం దాదాపు అలాగే ఉండి, చివర అడుగు కొట్టడం తగ్గుతుంది. బండి గుంతలో ఢామ్మని అడుగు తగులుతుంటే చిక్కటి ఆయిల్ బదులు ఇది చేయండి. ఒక్కసారికి 5 నుంచి 10 మి.మీ. చాలు. పైపు లోపలి వ్యాసం 37 మి.మీ. ఉంటే 10 మి.మీ. మట్టానికి ఒక్కో కాలులో సుమారు 11 మి.లీ. పడుతుంది. మరీ పెంచితే సీళ్ల మీద ఒత్తిడి పెరిగి కారతాయి.

చిక్కదనం విషయానికొస్తే, డబ్బా మీది 10డబ్ల్యూ అన్న అంకె ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి మారిపోతుంది. 40 డిగ్రీల దగ్గర ఎన్ని సెంటీస్టోకులో డేటా షీట్‌లో చూడండి, పోల్చడానికి అదే సరైన కొలత. రెండు గ్రేడుల మధ్యది కావాలంటే ఒకే కంపెనీ 5డబ్ల్యూ, 10డబ్ల్యూ కలుపుకోవచ్చు.

దారి మీద పరీక్ష

ఒక కిలోమీటరో రెండో ఉండే చిన్న చుట్టు ఎంచుకోండి. అందులో ఒక స్పీడ్ బ్రేకర్, వదులు రాళ్లు, వరుస గతుకులు, గట్టిగా బ్రేక్ వేసే చోటు ఉండాలి. నంది కొండల వెనక పొలాల మధ్య ఇలాంటి దారులున్నాయి, రైతుల పొలం గట్లు తొక్కకండి. మూసిన ట్రాక్ కావాలంటే 2015లో దాకర్ ర్యాలీ పూర్తి చేసిన తొలి భారతీయుడు సీఎస్ సంతోష్ కోలార్ దగ్గర నెలకొల్పిన బిగ్ రాక్ డర్ట్‌పార్క్ ఉంది. టైరు గాలి ప్రతిసారీ గేజ్‌తో ఒకేలా పెట్టండి. రోడ్డు ప్రెషర్‌తో రాళ్ల మీదికి వెళ్లి ఫోర్క్ గట్టిగా ఉందని తిట్టేవాళ్లు చాలామంది. ఒకసారికి ఒక్క మార్పే చేయండి.

పైపుకి ఒక జిప్ టై వదులుగా కట్టి డస్ట్ సీల్ దాకా దించండి. రైడ్ అయ్యాక అది ఎంత పైకి జరిగిందో అంత ట్రావెల్ వాడారన్నమాట. ఆ దారిలో అతి పెద్ద దెబ్బకి చివరి 10, 15 మి.మీ. మాత్రమే మిగిలితే సెట్టింగ్ బాగున్నట్టు.

చేతులకి దెబ్బ తగులుతుంటే ముందు జిప్ టై చూడండి. అది సగం కూడా జరగకపోతే ఫోర్క్ నిజంగానే బిగుతుగా ఉంది, రాపిడి మళ్లీ చూడండి, లేదా ఆయిల్ పలుచన చేయండి. అది పై దాకా జరిగి ఉంటే ఫోర్క్ మెత్తగా ఉండి, ఎప్పుడూ చివరి గట్టి భాగంలోనే తిరుగుతోంది. రెండూ చేతులకి ఒకేలా అనిపిస్తాయి, మందులు మాత్రం పూర్తిగా ఎదురెదురు.

వరుస గతుకుల మీద మొదటి రెండూ బాగుండి, పోనుపోను గట్టిపడి ముందు భాగం కిందికి దిగిపోతుంటే ఫోర్క్ తిరిగి సాగడం ఆలస్యమవుతోంది, ఆయిల్ పలుచనవ్వాలి. స్పీడ్ బ్రేకర్ దిగాక హ్యాండిల్ రెండుమూడు సార్లు ఊగితే తిరిగి సాగడం మరీ వేగంగా ఉంది, కొంచెం చిక్కటి ఆయిల్ పోయాల్సిన అసలు సందర్భం ఇదే.

చిత్రావతి ఇసుకలో ముందు చక్రం లోపలికి కూరుకుని హ్యాండిల్ పక్కకి లాగుతుంటే ముందు భాగం ఎత్తు పెరగాలి. స్పేసర్ 5 మి.మీ. పెంచండి, లేదా పైపుల్ని టీలో 5 మి.మీ. కిందికి దించండి. ఎర్రమట్టి మలుపుల్లో ముందు చక్రం బయటికి జారిపోతుంటే దీనికి వ్యతిరేకం, పైపులు కాస్త పైకి. పైకి జరిపినప్పుడు ఫోర్క్ పూర్తిగా నొక్కుకున్నా టైరు, మడ్‌గార్డ్ దేనికీ తగలకూడదు. స్ప్రింగులు తీసి ఉన్నప్పుడే చక్రం తగిలించి ఇది చూసుకోవాలి. ఇసుకకీ మలుపుకీ మధ్య నేను ఎప్పుడూ ఇసుక వైపే మొగ్గుతాను. మలుపులో జారుతుంటే వేగం తగ్గించుకోవచ్చు. ఇసుకలో వేగం తగ్గిస్తే బండి ఇంకా మొండికేస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా బ్రేక్‌కి మునగడం, రాయికి బిగుసుకోవడం రెండూ మిగిలితే, అది డ్యాంపర్ రాడ్ సహజ పరిమితి. అప్పుడు ఎమ్యులేటర్ వాల్వ్ గురించి ఆలోచించండి. రాడ్ తల మీద, స్ప్రింగ్ కింద కూర్చునే ఈ చిన్న వాల్వ్ నెమ్మది కదలికని అడ్డుకుంటుంది, గట్టి దెబ్బకి తెరుచుకుంటుంది. దానికోసం రాడ్ కింది రంధ్రాలు పెద్దవి చేయాలి, పై చిన్న రంధ్రాలు ముట్టుకోకూడదు. ఒకసారి డ్రిల్ చేస్తే వెనక్కి రావడానికి కొత్త రాడ్ కొనాల్సిందే. అందుకే తగిన స్ప్రింగ్ వేయకుండా ఎమ్యులేటర్ కొనవద్దని నా సలహా.

కట్టిన ఫోర్క్ నిలబడాలంటే వాటర్ సర్వీస్‌లో ప్రెషర్ నీళ్లు డస్ట్ సీల్ మీదికి సూటిగా కొట్టనివ్వకండి. రబ్బరు కవర్లున్న బండికి ప్రతి బురద రైడ్ తర్వాత కింది క్లిప్పు వదులు చేసి లోపలి మట్టి తుడవండి, అక్కడ నిలిచిన తడి క్రోమ్‌ని మెల్లగా తినేస్తుంది. మట్టి దారులు ఎక్కువ తొక్కే బండికి వానాకాలం వెళ్లాక ఏటా ఒకసారి ఆయిల్ మార్చండి. ఆ రోజే స్యాగ్, రాపిడి కొలిచి పాత అంకెల పక్కన రాసుకుంటే, బుష్‌లు ఎప్పుడు మార్చాలో ఆ నోటు పుస్తకమే చెబుతుంది.